నోటిలెక్కలు: ఎల్బే ఒడ్డున, మన వీధిబడిలో

హాంబర్గ్ అనగానే మనవాళ్లకు ముందుగా స్ఫురించేది రేవు. ఎల్బే నది మీద ఓడలు, సరుకు పెట్టెలెత్తే క్రేన్లు, ఎర్ర ఇటుక గోదాములు, సెయింట్ మైకేల్ చర్చి గోపురం. ఇంటికి చుట్టాలు వస్తే తిప్పి చూపించేవి ఇవే. అయితే ఈ నగరానికి మరొక ఘనత వున్నది. లెక్కలను ప్రేమించినవాళ్లు చేరి పెట్టుకున్న సంఘాల్లో, ప్రపంచంలో నేటికీ నడుస్తున్నవాటిలోకెల్లా పాతది ఈ ఊరిదే. కాగితం ముట్టకుండా వంద అంకెల సంఖ్యను వంద అంకెల సంఖ్యతో హెచ్చవేసిన మనిషి పుట్టిందీ ఈ ఊళ్లోనే.

అవధాన విద్యను కన్న జాతి మనది. ఎక్కాలను పాటలా వల్లించిన తాతల మనుమలం మనం. అందుచేత హాంబర్గ్‌లో పెరుగుతున్న మన పిల్లలకు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చెప్పడం బాగుంటుందని మేము తలచాము. కథతోపాటు, ఇంట్లో కూర్చుని ఆడుకోదగిన కొన్ని లెక్కల చమత్కారాలను కూడా ఇస్తున్నాము.

రేవు పట్టణం, లెక్కల పంతుళ్లు

వర్తకం వున్నచోట లెక్క పుడుతుంది. హాంబర్గ్ హాన్సా కూటమికి చెందిన వర్తక నగరం. పలు దేశాల నాణేలు, పలు ఊళ్ల తూనికలు, కొలతలు ఇక్కడికి వచ్చి చేరేవి. ఒక నాణెం విలువ మరొకదానిలోకి మార్చాలన్నా, ఒక ఊరి కొలతను మరో ఊరి కొలతలోకి దించాలన్నా లెక్క తెలిసిన మనిషి కావాలి. 1619లో హాంబర్గ్ బ్యాంకు ఏర్పడింది. వర్తకుల పిల్లలకు రాత, లెక్క నేర్పే పంతుళ్లకు ఇక్కడ మంచి గిరాకీ వుండేది.

అటువంటి పంతుళ్లలో ఇద్దరు హైన్రిఖ్ మైస్నర్, వాలెంటిన్ హైన్స్. 1690లో వీరు 'లెక్కల కళను ప్రేమించేవారి సంఘం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంఘాన్ని స్థాపించారు. వీరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులు కారు. హాంబర్గ్‌కు విశ్వవిద్యాలయం వచ్చిందే 1919లో. బడిపంతుళ్లు కూడి ఒకరికొకరు చిక్కులెక్కలు ఇచ్చిపుచ్చుకుంటూ నడిపిన ఆ సంఘమే ఈనాడు హాంబర్గ్ గణిత సంఘంగా సాగుతున్నది.

మన మచిలీపట్నం కూడా రేవు పట్టణమే. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. కోస్తా గ్రామాల మగ్గాల మీద నేసిన గుడ్డ అక్కడి నుంచి ఓడలెక్కింది. నేతగాడికి బయానా ఎంత, నూలుకు ఎంత, మిగిలింది ఎంత అనే లెక్క తెలిసినవాడు నిలిచాడు, తెలియనివాడు అప్పులో పడ్డాడు. లెక్కకు సరదా మొహం ఒకటైతే, బతుకుతెరువు మొహం రెండవది. ఈ రెండవదాన్ని మరచిపోరాదు.

హాంబర్గ్ కుర్రవాడు డాజె

1824 జూన్ 23న హాంబర్గ్‌లో పుట్టినవాడు జకరియాస్ డాజె. చాలా పసితనంలోనే బడికి పంపారు. చదువులో పెద్దగా రాణించలేదుగాని, అంకెలు మాత్రం అతనికి వశమైపోయాయి. పదిహేనేళ్ల వయసులో ఊరూరా తిరుగుతూ సభల్లో లెక్కలు కట్టి చూపించడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో హాంబర్గ్‌ను ఆనుకుని వున్న ఆల్టోనా డెన్మార్కు రాజుగారి ఏలుబడిలో వుండేది. ఇప్పుడది హాంబర్గ్‌లో భాగం. అక్కడ షూమాకర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు వుండేవాడు. ఆయన డాజెను పరీక్షించాడు. 79532853ను 93758479తో హెచ్చవేయమంటే, 54 సెకన్లలో 7456879327810587 అని జవాబు వచ్చింది. ఇరవై అంకెల సంఖ్యలు రెండింటికి ఆరు నిమిషాలు, నలభై అంకెలవాటికి నలభై నిమిషాలు, వంద అంకెలవాటికి ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు పట్టాయి. అన్నీ మనసులోనే.

ఈ కాలాలను కాస్త విప్పి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మామూలు పద్ధతిలో ఎనిమిది అంకెలను ఎనిమిది అంకెలతో హెచ్చవేయాలంటే 64 చిన్న గుణకారాలు చేయాలి. 54 సెకన్లలో 64 అంటే ఒక్కొక్కదానికి సెకనులోపే. ఇరవై అంకెలకు 400 గుణకారాలు, 360 సెకన్లు. అప్పుడూ సెకనులోపే. నలభై అంకెలకు 1600 గుణకారాలు, 2400 సెకన్లు. అంటే ఒక్కొక్కదానికి సెకనున్నర. వంద అంకెలకు 10000 గుణకారాలు, 31500 సెకన్లు. అంటే మూడు సెకన్లకు పైగా. ఏడు ఎనిమిదులు ఎంత అన్నది అతనికి ఎప్పుడూ ఒకే తేలిక. సంఖ్య పెరిగేకొద్దీ బరువయింది, మధ్యలో వచ్చినవాటిని చెదరకుండా మనసులో నిలుపుకోవడం. నోటిలెక్కలో సగం లెక్క, సగం ధారణ అన్నమాట.

డాజె మరో విద్య కూడా చూపేవాడు. బల్ల మీద చల్లిన బఠాణీ గింజలు ఎన్నో, బీరువాలో పుస్తకాలు ఎన్నో, మేస్తున్న గొర్రెలు ఎన్నో ఒక్క చూపులో చెప్పేవాడు. పెద్ద లెక్కను రాత్రి సగంలో ఆపి పడుకుని, పొద్దున్న లేచి ఆపినచోటినుంచే సాగించేవాడు.

1844లో వియన్నాలో ష్ట్రాస్నిట్‌స్కీ అనే ఆచార్యుడు చెప్పిన సూత్రం పట్టుకుని, వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ వుండే నిష్పత్తిని, అంటే మన పిల్లలు బడిలో 'పై' అనేదానిని, 200 దశాంశ స్థానాల వరకు గణించాడు. సుమారు రెండు నెలలు పట్టింది. ఆ పని బెర్లిన్‌లో క్రెల్లె నడిపే గణిత పత్రికలో అచ్చయింది.

గౌస్ చూపిన దారి

ఇంత శక్తి వున్న డాజెకు గణితశాస్త్రం మాత్రం ఒంటబట్టలేదు. తెలిసినవాళ్లు కూర్చోబెట్టి మొదటి పాఠాలు చెప్పబోయినా తలకెక్కలేదు. అంత గొప్పగా హెచ్చవేసేవాడికి 'ఎందుకు' అన్న ప్రశ్న పట్టలేదు.

ఇక్కడ గోటింగెన్‌లోని మహాగణితవేత్త గౌస్ (1777–1855) గురించి చెప్పుకోవాలి. ఆయన చిన్ననాటి కథ ఒకటి చాలామందికి తెలిసిందే. బడిలో ఒకటి మొదలు నూరు వరకు కూడమంటే, 1నీ 100నూ, 2నూ 99నీ జతపరిచి, 101 చొప్పున 50 జతలు, మొత్తం 5050 అని చెప్పాడట. డాజె అయితే ఆ నూరు సంఖ్యలనూ మెరుపులా కూడివుండేవాడు. గౌస్ కూడే పనే లేకుండా చేశాడు. గణించడానికీ, గ్రహించడానికీ వున్న తేడా అదే.

ఆ తేడా బాగా తెలిసిన గౌస్, డాజెను చిన్నచూపు చూడలేదు. ఈ శక్తి సభల్లో చప్పట్లతో వృథా కాకుండా శాస్త్రానికి పనికి వచ్చే పని ఏదని ఆలోచించాడు. సంఖ్యల కారణాంకాల పట్టికలు అప్పటికి మొదటి ముప్పై లక్షల వరకు అచ్చయి వున్నాయి. తరువాతి ముప్పై లక్షలకు రాతప్రతి బెర్లిన్‌లో వుంది. అరవై లక్షల పైనుంచి కోటి వరకు వున్న సంఖ్యలకు పట్టిక కట్టమని గౌస్ డాజెకు సూచించాడు. ప్రతి సంఖ్యకూ, అది ప్రధాన సంఖ్యా, కాకపోతే దానిని నిశ్శేషంగా భాగించేది ఏది అని రాసుకుంటూ పోవాలి. ఈ పనికి హాంబర్గ్ పెద్దలు డబ్బు సాయం చేశారు.

డాజె పనిలో పడ్డాడు. ఏడవ పది లక్షలు ముగించాడు, ఎనిమిదవదానిలో చాలా భాగం, తొమ్మిదవదానిలో కొంత చేశాడు. 1861 సెప్టెంబరు 11న, ముప్పై ఏడేళ్లకే, హాంబర్గ్‌లోనే కన్నుమూశాడు. ఆ పట్టికలు 1862, 1863, 1865 సంవత్సరాల్లో హాంబర్గ్‌లో అచ్చయ్యాయి. మిగిలిన భాగాన్ని వేరొకరు పూరించారు. సభల్లో వేసిన లెక్కలు ఆనాటి ప్రేక్షకులతో పోయాయి. పట్టికలు నిలిచాయి, తరువాతి తరం గణితవేత్తలకు పనికి వచ్చాయి. ఒక మనిషికి వున్న వరం ఎక్కడ పెడితే పదిమందికి పనికివస్తుందో చూపిన పెద్దమనసు గౌస్‌ది.

మన అవధాన సభ

డాజె కథ చదువుతుంటే తెలుగువాడికి అవధాన సభ కళ్ల ముందు మెదులుతుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషేధాక్షరి పెడతారు, ఒకరు చదరంగం ఆడుతారు. మధ్య మధ్య ఒకరు గంట కొడుతుంటారు. మొత్తం ఎన్ని గంటలో చివర చెప్పాలి. కొన్ని సభల్లో అవధాని వీపు మీద పూలు విసురుతారు. ఎన్ని పూలు తగిలాయో చెప్పాలి. ఫలానా తేదీ ఏ వారం అని అడుగుతారు. వీటన్నిటి నడుమ పద్యాలు సాగుతూనే వుండాలి. బఠాణీలు లెక్కించిన డాజెకూ, పూలు లెక్కించిన అవధానికీ చుట్టరికం వున్నట్టే కదా! అయితే డాజె ఒక్క లెక్కనే సాగించాడు. మన అవధాని లెక్కను కవిత్వంతో కలిపి నడిపాడు. తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, ఈ విద్యను ఊరూరా తిప్పి జనం సొత్తు చేశారు.

కేవలం గణితంతోనే అవధానం చేసినవారు కూడా మనలో వున్నారు. లక్కోజు సంజీవరాయశర్మగారు 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్కగారు బడి పాఠాలు పైకి చదువుతుంటే విని, లెక్కలు పట్టుకున్నారు. వయొలిన్ నేర్చారు. గణితావధాని అయి వేలాది ప్రదర్శనలు ఇచ్చారు. పుట్టినతేదీ చెబితే ఏ వారమో చెప్పేవారు. పలక, బలపం చూడలేని బిడ్డకు అక్క గొంతే పలక అయింది. మన పిల్లలకు ఈ మాట ప్రత్యేకం చెప్పాలి. ఇంట్లో ఒకరు పైకి చదవడం ఎంత పని చేస్తుందో ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఈ వారసత్వం ఆగిపోలేదు. 2020లో లండన్ మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్‌లో జరిగిన నోటిలెక్కల ప్రపంచ పోటీలో హైదరాబాదు యువకుడు నీలకంఠ భాను ప్రకాశ్ స్వర్ణపతకం గెలిచాడు. జర్మనీలో కూడా 2004లో ఇటువంటి ప్రపంచ పోటీ ఒకటి ఆనబెర్గ్-బుఖ్‌హోల్ట్స్ పట్టణంలో మొదలైంది. అది జర్మన్ల లెక్కల గురువు ఆదాం రీస్ బతికిన ఊరు. ఆయన 1522లో జర్మన్ భాషలో జనానికి అర్థమయ్యేలా లెక్కల పుస్తకం రాశాడు. నేటికీ జర్మన్లు లెక్క తేల్చి చెప్పేటప్పుడు 'ఆదాం రీజె ప్రకారం ఇంత' అంటారు. మన పిల్లల బడిలోనూ ఈ మాట వినబడుతుంది.

మల్లన కూర్చిన హారాలు

రీస్ తన జనం భాషలో లెక్కలు రాయడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఆ పని మన భాషలో జరిగింది. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని సంప్రదాయం. నన్నయగారు భారతం తెలిగిస్తున్న కాలానికి దగ్గరలోనే తెలుగులో లెక్కలు కూడా పద్యమెక్కాయన్నమాట.

మహావీరుడి పుస్తకంలో పిల్లలు మెచ్చే భాగం ఒకటి వున్నది. కొన్ని గుణకారాలకు జవాబు ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకటే. పూసలు రెండు వైపులా సమంగా గుచ్చిన హారంలా వుంటుంది. అందుకే వాటిని కంఠాభరణాలన్నారు. చూడండి:

139 × 109 = 15151
152207 × 73 = 11111111
12345679 × 9 = 111111111
142857143 × 7 = 1000000001
11011011 × 91 = 1002002001
27994681 × 441 = 12345654321

పిల్లల చేత కాగితం మీద వేయించి చూడండి. ఆఖరి లెక్క తేలినప్పుడు వారి ముఖం చూడవలసిందే.

చదరంగం గడుల లెక్క కూడా ప్రసిద్ధమే. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ అరవై నాలుగు గడులకూ పెడితే మొత్తం 18446744073709551615. ఈ ఇరవై అంకెల సంఖ్యను మల్లన పేర చెప్పుకునే ఒక పద్యంలో మాటలతోనే పొదిగారు. చంద్రుడు అంటే 1, అగ్ని అంటే 3, వేదం అంటే 4, శరం అంటే 5, గిరి అంటే 7, గగనం అంటే 0. మాటలను అంకెలుగా మార్చి కుడినుంచి ఎడమకు పేర్చుకోవాలి. పద్యం నోటికి వస్తే సంఖ్య నోటికి వచ్చినట్టే. ధారణకు మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఇది.

ఆ గింజలు ఎన్నో ఊహకు అందదు. గ్రాముకు 50 బియ్యపు గింజలనుకుంటే, బరువు సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండే బియ్యం ఉజ్జాయింపున 50 కోట్ల టన్నులనుకున్నా, ఏడు వందల ఏళ్ల పంటకు మించిపోతుంది.

ఎక్కాలు, అప్పులు

మల్లన పండితులకు రాశాడు. పామరుడికి లెక్క వచ్చింది వీధిబడిలో. ఇసుకలో వేలితో అంకె దిద్ది, సాయంత్రం పిల్లలంతా నిలబడి గొంతెత్తి ఎక్కాలు చెప్పేవారు. 'రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు' అనే ఆ లయ ఒకసారి చెవిన పడితే జన్మలో పోదు. ఇరవై ఎక్కాలతో ఊరుకోలేదు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం, రూపాయిలో పదహారవ వంతైన వీసం ఎక్కం కూడా వచ్చేవి. పెద్దబాలశిక్ష ఇంటింటికీ వీటిని చేర్చింది.

ఇది వినోదం కాదు. పల్లెలో వడ్డీని 'రెండు రూపాయల వడ్డీ' అని చెప్తారు. నూటికి నెలకు రెండు అని దాని అర్థం. అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. జర్మనీలో బ్యాంకు ఎప్పుడూ ఏడాది లెక్కే చెప్తుంది. 'రెండు' అన్న మాట విని తక్కువే అనుకుని ప్రోనోటు మీద వేలిముద్ర వేసినవాడి పొలం ఏమయిందో మన పెద్దలకు తెలుసు. మన జిల్లాలనుంచి రంగం, అంటే రంగూన్, వెళ్లిన కూలీలలో ఎందరో మేస్త్రీల దగ్గర ముందే డబ్బు తీసుకుని ఓడ ఎక్కినవారు. ఆ బాకీ వారి కూలిలోంచి విరిగేది. పద్దు మేస్త్రీ చేతిలో వుండేది. ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నది మనసులో కట్టుకోగలిగినవాడికి అడిగే నోరు వుండేది. అది రానివాడు చెప్పినంతా నమ్మవలసిందే. లక్షలాది ఐరోపావారు ఇదే హాంబర్గ్ రేవునుంచి అమెరికాకు తరలిపోయారు. వలస పోయేవాడికి లెక్క ఎంత అవసరమో ఈ ఊరికీ తెలుసు.

ఇరవై ఒకటా, ఒకటీ ఇరవయ్యా?

హాంబర్గ్‌లో మన పిల్లలకు వచ్చే ఒక చిక్కు గురించి చెప్పాలి. 47ను మనం 'నలభై ఏడు' అంటాము. జర్మన్‌లో 'ఏడూ-నలభై' అన్నట్టు పలుకుతారు. చెవిన పడిన వరుసలో రాస్తే 74 అవుతుంది. జర్మన్ పిల్లలకూ ఈ తడబాటు వున్నది. అంకెలు రాసిన వరుసలోనే పలకాలని కోరుతూ ఇక్కడ కొందరు సంఘంగా కూడా ఏర్పడ్డారు. ఇంగ్లీషులో పదమూడు నుంచి పంతొమ్మిది వరకు చిన్న అంకె ముందు వస్తుంది, ఇరవై దాటాక సర్దుకుంటుంది. తెలుగులో పదకొండు మొదలు తొంభై తొమ్మిది వరకు పదులే ముందు, ఒకట్లు తరువాత. రాసే వరుసా, పలికే వరుసా ఒకటే. నోటిలెక్క కట్టేవాడికి ఇది పెద్ద సదుపాయం. 47కు 38 కూడాలంటే, నలభైకి ముప్పై కలిపి డెబ్భై, ఏడూ ఎనిమిదీ పదిహేను, మొత్తం ఎనభై ఐదు అని మాట వెంట లెక్క నడుస్తుంది.

మన బిడ్డ బడిలో 'ఐన్‌మాల్‌ఐన్స్' అని జర్మన్‌లో నేర్చే ఎక్కాలనే ఇంట్లో తెలుగులో ఒకసారి చెప్పించితే, ఒక భాషలో తడబడినప్పుడు రెండవది సాయం వస్తుంది. మనుషులు ఎన్ని భాషలు నేర్చినా, చిల్లర లెక్కపెట్టేటప్పుడు చిన్ననాటి భాషలోకే మళ్లడం మనమంతా చూసినదే. ఇంట్లో తెలుగు తగ్గిపోతున్న కుటుంబాలకు అంకెలు మంచి మెట్టు. వ్యాకరణం అక్కరలేదు, సిగ్గు అక్కరలేదు. వంద వరకు లెక్కించడం వస్తే, తెలుగు కొంత వచ్చినట్టే.

పిల్లలతో ఆడదగినవి

ఒకటి: తొమ్మిదో ఎక్కం వేళ్ల మీద. రెండు చేతులూ చాపండి. 9 × 4 కావాలంటే ఎడమనుంచి నాలుగవ వేలు మడవండి. మడిచినదానికి ఎడమన మూడు, కుడిన ఆరు. జవాబు 36. ఎందుకంటే, నాలుగు పదులలోంచి నాలుగు తీసేస్తే మూడు పదులు, ఆరు మిగులుతాయి.

రెండు: పదకొండుతో హెచ్చవేత. 43 × 11 కావాలంటే 4కూ 3కూ మధ్య వాటి మొత్తం 7 పెట్టండి. 473. మొత్తం పది దాటితే ఒకటి ఎడమకు చేర్చండి. 78 × 11 = 858.

మూడు: అయిదుతో ముగిసే సంఖ్య వర్గం. 85కు, 8ని దాని పై సంఖ్య 9తో హెచ్చవేస్తే 72. దాని పక్కన 25 చేర్చండి. 7225.

నాలుగు: నూటికి దగ్గరి సంఖ్యలు. 97 × 96. నూటికి ఒకటి 3 తక్కువ, ఒకటి 4 తక్కువ. 97లోంచి 4 తీస్తే 93. మూడు నాలుగులు 12. జవాబు 9312.

ఇటువంటివి 1965లో అచ్చయిన భారతీ కృష్ణ తీర్థస్వామివారి 'వేద గణితం' పుస్తకం వల్ల బాగా వ్యాపించాయి. పేరు అలా వున్నా ఆ సూత్రాలు వేదాల్లో కనబడవని పండితులు తేల్చారు. ఉపాయాలు మాత్రం సరైనవే. మన పూర్వుల గణితం గొప్పదని చెప్పడానికి మహావీరుడు, మల్లన చాలు. లేనిదాన్ని అంటగట్టనక్కరలేదు.

అయిదు: తేదీకి వారం. ఏ సంవత్సరంలోనైనా 4-4, 6-6, 8-8, 10-10, 12-12 తేదీలు ఒకే వారం పడతాయి. 2014లో అవి శుక్రవారాలు. తెలంగాణ ఏర్పడినది ఆ ఏడు జూన్ 2న. జూన్ 6 శుక్రవారమైతే నాలుగు రోజులు వెనక్కి, సోమవారం. 1947లో అవి కూడా శుక్రవారాలే. ఆగస్టు 8 శుక్రవారమైతే 15 మళ్లీ శుక్రవారమే. అవధాని చెప్పే వారానికి ఇది తొలిమెట్టు.

ఆరు: 142857ను 2తో, 3తో, అలా 6 వరకు హెచ్చవేయండి. 285714, 428571, 571428, 714285, 857142. అవే అంకెలు గుండ్రంగా తిరుగుతాయి. 7తో హెచ్చవేస్తే 999999. ఒకటిని ఏడుతో భాగిస్తే వచ్చే దశాంశాలు ఇవే కావడం దీని రహస్యం.

ఏడు: తొమ్మిదుల తనిఖీ. డాజె జవాబు సరైనదేనా? 79532853 అంకెల మొత్తం 42, మళ్లీ కూడితే 6. 93758479 అంకెల మొత్తం 52, మళ్లీ కూడితే 7. ఆరు ఏడులు 42, కూడితే 6. ఇప్పుడు జవాబు 7456879327810587 అంకెలు కూడండి. 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, మళ్లీ కూడితే 6. సరిపోయింది. అయితే ఒక హెచ్చరిక. 47 బదులు 74 రాసినా అంకెల మొత్తం మారదు. అంటే మన పిల్లలు జర్మన్ విని చేసే పొరపాటును ఈ తనిఖీ పట్టుకోలేదు. పదకొండు తనిఖీ పట్టుకుంటుంది. పదకొండుతో భాగిస్తే 47కు శేషం 3, 74కు శేషం 8.

చివరిమాట

జేబులో వుండే ఫోను డాజె కంటె వేగంగా హెచ్చవేస్తున్న ఈ రోజుల్లో ఇదంతా ఎందుకు అని పిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వేగం కోసం కాదు. యంత్రం చెప్పిన జవాబు సుమారుగా సబబేనా అని ఒక్క క్షణంలో తూచుకోవడానికి, ఎదుటివాడు చెప్పిన వడ్డీ ఏడాదికి ఎంతో మనసులో తేల్చుకోవడానికి, మనకు నోటిలెక్క కావాలి. ఎందుకు ఇలా వచ్చింది అన్న ప్రశ్న గౌస్‌ది. చెదరకుండా నిలుపుకోవడం డాజె, అవధానులు నేర్పేది. ఈ రెండూ కలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

ఈ ఉత్సవానికి వచ్చిన పెద్దలకు మా మనవి ఒక్కటే. ఇంటికి వెళ్లాక పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఏదో ఒక ఎక్కం తెలుగులో చెప్పండి, చెప్పించండి. వారు జర్మన్‌లో తిరిగి చెబితే వినండి. తప్పు ఎవరిది, ఒప్పు ఎవరిది అన్నది వేళ్ల మీద తేల్చుకోండి.